పైపూతయా, బాగుచేయుటయా?

తప్పిపోయినవాడు తిరిగి వచ్చినప్పుడు అతనిని ఎట్లు చేర్చుకొనవలెనన్న ప్రశ్న ప్రతి గ్రామ సంఘములోను ఎప్పుడో ఒకప్పుడు లేచును. "జరిగినదేదో జరిగినది, ఇక దాని మాట ఎత్తవద్దు" అని కొందరందురు. "వాడు ఇక బాగుపడడు, విడిచిపెట్టుడి" అని మరికొందరందురు. రెండును సులువైన మార్గములే. మూడవ మార్గమొకటి కలదు; అది కష్టమైనది. దానిని గూర్చి ఒక పాత యంత్రము మనకు కొంత నేర్పగలదని మేము తలంచుచున్నాము.

పూర్వము ఏ దేశములోనైనను కాలువలు పారలతోను తట్టలతోను త్రవ్వబడెను. 1839లో అమెరికా దేశస్థుడగు విలియం ఓటిస్ ఆవిరి బలముతో మట్టి త్రవ్వు యంత్రమునకు పేటెంటు పొందెను. బాయిలరులోని ఆవిరి యంత్రమును త్రిప్పగా, గొలుసు బిగిసి, పండ్లుగల పెద్ద ఇనుప తొట్టిని మట్టిలోనికి ఈడ్చును. 1914లో తెరవబడిన పనామా కాలువకు కొండను కోసినవి ఇట్టి యంత్రములే. ఇంగ్లండులో కాలువలు, రైలుకట్టలు త్రవ్విన కూలీలను 'నావీ' అనెడివారు. ఆ పేరే యంత్రమునకును వచ్చెను. డీజిలు యంత్రములు వచ్చిన పిమ్మట వీటిలో అనేకము తుక్కు క్రింద పోయినవి.

1909లో లింకన్ పట్టణమున రస్టన్ ప్రాక్టర్ కంపెనీవారు చేసిన అట్టి యంత్రమొకటి బెడ్‌ఫర్డ్‌షైరులో ఆర్ల్సీ అను చోట సుద్దగనిలో పనిచేసెను. గని మూతపడి నీటితో నిండగా అది చాల సంవత్సరములు నీటి అడుగుననే పడియుండెను. 1970ల దశకములో దానిని వెలికి తీసిరి. కొంతకాలము లింకన్ ప్రదర్శనశాలలో నిలిచిన పిమ్మట, 2010ల దశకములో కంబ్రియాలోని త్రెల్కెల్డ్ క్వారీవద్ద పాత యంత్రములయందు ప్రీతిగలవారు దానిని మరల ఆవిరితో పనిచేయునట్లు చేసిరి.

ఇట్టి యంత్రమును బాగుచేయువారు రంగు డబ్బాతో పని మొదలుపెట్టరు. త్రుప్పుమీద రంగు వేసినచో చూచుటకు క్రొత్తగానే యుండును గాని లోపల ఇనుము తినివేయబడుచునే యుండును. కాబట్టి మొదట బాయిలరును శుభ్రపరచి, చిన్న సుత్తితో తట్టి చూతురు. గట్టి ఇనుము ఒక విధముగా పలుకును, పాడైనది వేరొక విధముగా పలుకును. ఆ దెబ్బ పగులగొట్టుటకు కాదు, వినుటకు. రేకు ఎంత పలుచబడినదో కొలుతురు. చెడినంత మేరకే కోసి క్రొత్తది అతుకుదురు. గట్టిగా నున్నదానిని పారవేయరు. అంతయు మార్చివేసినచో అది పాత పేరు పెట్టుకొన్న వేరొక యంత్రమగును గదా!

తరువాత నిప్పు పెట్టుటకు ముందే బాయిలరును చన్నీటితో నింపి, పని వేళ ఉండు ఒత్తిడికంటె ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్షింతురు. నీటితో లోపము బయటపడినచో కారును గాని పేలదు. అదే లోపము ఆవిరితో బయటపడినచో మనుష్యుల ప్రాణములు పోవును. ఇంత చేసియు పరీక్ష అంతటితో ముగియదు. గడువు ప్రకారము మరల మరల జరుగుచుండును.

ప్రియ చదువరులారా, తప్పులో చిక్కుకొన్నవానిని సాత్వికముతో సరిచేయుడని పౌలు గలతీయులకు వ్రాసెను (6:1). జాలరులు వలలు బాగుచేసికొనుచుండిరని మార్కు వ్రాసినప్పుడు (1:19) గ్రీకు మూలములో ఆ క్రియాపదమే యున్నది. చినిగిన వలను కప్పిపెట్టిన జాలరి చేపలను పోగొట్టుకొనును. పారవేసిన జాలరి వలనే పోగొట్టుకొనును.

సంఘపు సొమ్ము వాడుకొన్నవాడు పశ్చాత్తాపపడి వచ్చినచో అతనిని కౌగిలించుకొనుడి. అయితే లెక్కయు చూడుడి. ఆ మరుసటి ఆదివారమే కానుకల సంచి అతని చేతికిచ్చుట దయ కాదు, నిప్పుతో పరీక్షించుటయే. అతనియందు ఇంకను గట్టిగా నున్నది ఏదో, పాటయో, శ్రమయో, దానిని నిలుపుడి. యంత్రమునకు నొప్పి తెలియదు, మనుష్యునికి తెలియును. గనుక తట్టు చేయి మెత్తనిదై యుండవలెను, వినెడు చెవి ఓపికగలదై యుండవలెను. ఆ చేయి రేపు మనలను తట్టవలసి వచ్చినను రావచ్చును.