కుంచెడు బియ్యము

ధ్యానభాగములు: నిర్గమకాండము 12:1-11, నెహెమ్యా 8:9-12

మా ఇంట ఒక పాత నోటుపుస్తకము గలదు. గుంటూరు జిల్లా పల్లె నుండి చిక్కడపల్లికి కాపురము వచ్చినప్పుడు మా నాయనమ్మ తెచ్చుకొన్నది. క్రిస్మసుకు వండవలసినవన్నియు ఆమె చేతివ్రాతతో అందులో నున్నవి: అరిసెలు, కజ్జికాయలు, వేటమాంసపు కూర, పలావు. ఏటేట డిసెంబరులో ఆ పుస్తకము అలమర నుండి దిగును. దానితోపాటు ఒక చిన్న తగవు కూడ దిగును.

తగవు కొలతలను గూర్చినది. అరిసెలకు కుంచెడు క్రొత్త బియ్యమని ఆమె వ్రాసెను. నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచము. 1956లో కొలతల చట్టము వచ్చి, 1960 దశకపు ఆరంభమునకు బజారులో కిలోలు స్థిరపడగా సోలయు తవ్వయు వంటింటి మూలకు చేరినవి. మా తల్లిగారు కుంచమును కిలోలలోనికి మార్చి, ఇంటివారికి సరిపోవునంతకు తగ్గించిరి. మేము ఇంకను తగ్గించి ఒక్క కిలోకు దింపితిమి. బెల్లము, నువ్వులు, యాలకులు మాత్రము లెక్క తప్పనీయలేదు. రుచి చెడలేదు గనుక నాయనమ్మ వంట మా చేతిలో పదిలముగా నున్నదని అనుకొంటిమి.

పదిలముగా నున్నదా? ఏడుగురున్న ఇంటికి కుంచెడు బియ్యమెందుకు? వీధిలో ప్రతి ఇంటికిని పళ్లెము వెళ్లెడిదని మా మేనత్తగారు చెప్పుదురు. సంక్రాంతికి ఆ పళ్లెములు వారి అరిసెలతో తిరిగివచ్చెడివట. అంటే ఆ కొలత లెక్క తెలియని వ్రాత కాదు. వంటలో అదియు ఒక భాగము. మేము యాలకులను వారసత్వముగా ఉంచుకొని, పొరుగువారిని తీసివేసితిమి.

గొఱ్ఱెపిల్ల ఇంటికి పెద్దదైనచో చిన్నది చూచుకొనుమని దేవుడు మోషేతో చెప్పలేదు; ప్రక్క ఇంటివారిని కలుపుకొనుమనెను. పిల్ల తగ్గలేదు, కుటుంబమే పెరిగెను. నెహెమ్యా దినములలోను పండుగ చేయుమని ప్రజలతో చెప్పినప్పుడు, ఏమియు సిద్ధపరచుకొనని వారికి వంతులు పంపుట ఆ ఆజ్ఞలోనే చేరియున్నది.

మా ప్రక్క ఇంటివారెవరు? అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకొను బిడ్డలు. ఒక్కొక్క హాస్టలు గదిలో ముగ్గురు నలుగురు. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు బయటికి పోయిన కారణమున, 2023 మార్చిలో రద్దయ్యెను. 2023 జూన్ 11న మరల జరిపినదానిని సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసెను. వాయిదాలు పడుచు వచ్చిన గ్రూపు-2 చివరకు 2024 డిసెంబరు 15, 16 తేదీలలో జరిగెను. పండుగకు ఇంటికి పోవలెనన్న ఉద్యోగము లేదను సిగ్గు. పోకున్నచో మెస్సు కూడు. గ్రంథాలయము నుండి పుస్తకములు చంకను పెట్టుకొని వారు మా గుమ్మము ముందుగానే పోవుచుందురు.

అయితే ఈ మాట పురుషులు చెప్పుట సులభము. "కుంచెడు ఎవరు దంచుదురండీ?" అని మా ఇంటి కోడలు అడిగెను. న్యాయమైన ప్రశ్న. అరిసెల పని ఒంటరి పని కాదు. బియ్యము నానబోసి, నీరు వార్చి, తడి ఆరకముందే పిండి కొట్టి జల్లించవలెను. పాకము నీటిలో వేసినప్పుడు మెత్తని ఉండ కావలెను. ఆ క్షణము దాటినచో ఎవరి కొరకును ఆగదు. ఒకరు పిండి పోయుచుండగా మరియొకరు కలుపవలెను. ఒకరు నూనెలో వేయుచుండగా ఇంకొకరు చెక్కల నడుమ నొక్కవలెను. నాడు తినుటకు వచ్చినవారే ముందు రోకలి పట్టుటకు వచ్చిరి. చేతులను పెంచక విస్తళ్లను మాత్రము పెంచుట ఒక స్త్రీ నడుము విరుగగొట్టుటయే. దానిని ఆతిథ్యమని పిలువజాలము.

కనుక 2024లో ఎదురు హాస్టలు నుండి ముగ్గురిని పండుగనాడు గాక రెండు దినములు ముందుగా పనికే పిలిచితిమి. వారిలో ఒక్కడే క్రైస్తవుడు. చేతిలో కరపత్రము పెట్టలేదు. అన్నమునకు పిలిచినప్పుడు అన్నమునకే పిలువవలెనని మా అభిప్రాయము. పిండి మరపట్టించితిమి. మాటలలో పడి పాకము ముదురనిచ్చితిమి. అరిసెలు గట్టిపడినవి. మా కోడలు కంట నీరు పెట్టుకొనెను. నల్గొండ వైపు పిల్లవాడొకడు నొక్కుచున్న చెక్కలను ఆపక, "మా అమ్మవి గూడ ఒక్కోసారి ఇట్లనే అయితయి అక్కా" అనెను. తరువాత చాలసేపు ఏమియు మాటలాడలేదు.

క్రిస్మసునాడు నారాయణగూడలో ఆరాధన ముగించుకొని వచ్చునప్పటికి ముగ్గురును మెట్లమీద కూర్చుండియుండిరి. పలావులో ఉప్పు తగ్గెను. ఎవరును పుస్తకము తీసి చూడలేదు.

ఈసారి రెండు కిలోలు నానబోయుదమని నిశ్చయించితిమి. ఇంకను కుంచము కాలేదు. అరిసెల చెక్కలు ఒక్క జతయే యున్నవి. రెండవ జత కొరకు చిక్కడపల్లి బజారులో అడుగుచున్నాము.