దవడన పెట్టుకున్న వేరు

అతిమధురాన్ని నేను ఎన్నడూ మందుగా లెక్కపెట్టలేదు. అలా లెక్కపెట్టకపోవడంలో ఒక సుఖం ఉంది. మందైతే మోతాదు అడగాలి, ఎన్నాళ్ళు వాడాలో అడగాలి. తిండైతే ఇంట్లో ఎవరో ఒకరు ఎక్కువైందని అడ్డుపడతారు. నా వేరుముక్క ఈ రెండిట్లోనూ చేరలేదు. బడికి బయల్దేరేటప్పుడు లాల్చీ జేబులో రెండు ముక్కలు వేసుకునేవాణ్ణి. పాఠానికీ పాఠానికీ మధ్య ఒకటి దవడన పెట్టుకుని నమిలి, రసం మింగి, పీచు ఉమ్మేసేవాణ్ణి. రిటైరయ్యాక బడి పోయింది గానీ జేబులో ముక్కలు పోలేదు.

చిలకలూరిపేటలో గొంతు నిలుపుకోవడం తేలిక కాదు. ఒక పక్క గణపవరం దాకా స్పిన్నింగు మిల్లులు, పత్తి నూగు. ఇంకో పక్క మిరప. కోతలయ్యాక కళ్ళాల్లో కాయ ఎండుతుంటే గాలే ఘాటెక్కుతుంది. తొడిమలు తీసే ఆడవాళ్ళు ముక్కుకు చెంగు చుట్టుకుని కూడా దగ్గుతూనే ఉంటారు. అలాంటి ఊళ్ళో పగలు మైకు లేని తరగతి గదుల్లో తెలుగు పాఠం చెప్పాను, రాత్రి పద్యనాటకాలు ఆడాను. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను నాది. కోటప్పకొండ తిరునాళ్ళ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిలుపులు వచ్చేవి. పద్యం చివర రాగం తీసి ఆపగానే జనంలోంచి ‘వన్స్‌మోర్’ అని కేక పడాలి. పడని రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. ఈ వేరును నాకు అలవాటు చేసింది మా హార్మోనిస్టు. రంగు పూసుకునే ముందు ఒక ముక్క చేతిలో పెట్టి, “నమలండి మాస్టారూ, గొంతు జారదు” అనేవాడు. జారలేదు. జారని రాత్రుల ఘనత అంతా వేరుకే కట్టబెట్టాను, జారిన రాత్రుల తప్పు మిరప ఘాటు మీదకు నెట్టాను.

పైగా నాకు శాస్త్రం కూడా దొరికింది. గొంతుకు మేలు చేసేవని చరకుడు పది మూలికలను ఒక వర్గంగా చెప్పాడు, యష్టిమధువు, అంటే మన అతిమధురం, అందులో ఒకటి. బుద్ధికి బలమిచ్చే నాలుగు రసాయనాల్లోనూ దీని చూర్ణం ఉంది, పాలతో తీసుకోవాలి. ఈ సంగతి పిల్లలకు చెప్పేటప్పుడు, దీన్ని మన నేలే కని పెంచిందన్నంత ధీమాగా చెప్పేవాణ్ణి. నిజానికి ఈ మొక్క మన ప్రాంతానిది కాదు. మన దేశపు కొట్లకు వచ్చే వేరులో ఎక్కువ భాగం అఫ్ఘానిస్థాన్, ఇరాన్, మధ్య ఆసియా వైపు నుంచి దిగుమతయ్యేదే. మా కంచెల మీద అల్లుకునే గురివిందకు దేశీ అతిమధురం అని పేరుంది, దాని వేరునూ ఆకునూ బదులుగా వాడేవాళ్ళున్నారు, దాని గింజలో ఉన్నది మాత్రం కటిక విషం. అసలైన అతిమధురానికి, మా పల్నాటి మట్టికి చుట్టరికం తక్కువ.

మా అమ్మాయీ అల్లుడూ సింగపూరులో ఉంటారు. ఒకసారి అల్లుడు నల్లగా, పాకంలా ఉన్న చైనా దగ్గుమందు సీసా తెచ్చిచ్చాడు. నేను ముట్టుకోలేదు. “ఏం కలిపారో ఏమో, చైనావాళ్ళది” అన్నాను. మన తేజ మిరపకాయను ఏటా ఓడల కొద్దీ కొనుక్కుని తినే దేశం గురించి, ఆ మిరప పండే ఊళ్ళో కూర్చుని అన్న మాట అది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి కళ్ళజోడు పెట్టుకుని సీసా మీది అచ్చంతా చదివాను. తక్కిన పేర్ల మధ్యలో గ్లైసిరైజా కనిపించింది. అంటే నా జేబులోదే.

అప్పటి నుంచి చైనావాళ్ళ పక్కకు కాస్త తొంగిచూశాను. వాళ్ళు దీన్ని గాన్‌ట్సావ్ అంటారు. వాళ్ళ ప్రాచీన ఓషధి గ్రంథం షెన్నోంగ్ బెన్‌త్సావ్ జింగ్‌లో ఇది పై తరగతి మూలిక. క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ జ్వరాల మీద రాసిన గ్రంథంలోని యోగాల్లో సగానికి పైగా ఇది ఉంది. ఆరో శతాబ్దపు వైద్యుడు తావో హోంగ్‌జింగ్ దీన్ని ‘రాజ్యానికి పెద్దదిక్కు’ అన్నాడు. ఘాటైన మూలికల దూకుడు తగ్గించి కషాయంలో అన్నిటినీ కలిపి నడిపిస్తుందని వాళ్ళ నమ్మకం. పిక్కలు పట్టేస్తే పియొనీ వేరుతో కలిపి కషాయం ఇస్తారు, జపాన్‌లో ఆ మందును ఇప్పటికీ వైద్యులు రాస్తున్నారు. పరాయి మందని నేను పక్కన పెట్టిన సీసాకు వెనక ఇంత ఉంది. నా ఇంటిదనుకున్న వేరు గురించి నేను వేసుకున్న ప్రశ్న మాత్రం ఒక్కటీ లేదు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. ఆ సామెతను పిల్లలకు ఎన్నిసార్లు వివరించానో.

ఈ వేరు కింది నలుపు సంగతి యూరప్‌లో మొదట బయటపడింది. 1946లో రెవర్స్ అనే డచ్చి వైద్యుడు, కడుపులో పుండు ఉన్నవాళ్ళకు అతిమధుర సారం ఇస్తే గుణం కనిపించిందని రాశాడు. అదే చోట, అయిదుగురిలో ఒకరికి ఒళ్ళు నీరుపట్టిందనీ రాశాడు. తర్వాత ఈ వేరు నుంచే కార్బెనోక్సొలోన్ అనే పుండు మాత్ర తయారుచేశారు. పుండు మానింది, మాత్ర వెంటా అదే వాపు, అదే బీపీ వచ్చాయి. కారణం ముడి విప్పినవాళ్ళలో ఎడింబరో వైద్యులున్నారు, అది 1987. మూత్రపిండాల్లో ఉప్పును పట్టి ఉంచే పని ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్‌ది. మన రక్తంలో దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే కార్టిసాల్‌కూ ఆ పని చేతనవును. అందుకే అక్కడ ఒక ఎంజైము కార్టిసాల్‌ను ఎప్పటికప్పుడు కార్టిజోన్‌గా మార్చి పనికిరాకుండా చేస్తుంటుంది. అతిమధురానికి తీపినిచ్చే గ్లిసిరైజిన్ పేగుల్లో విడిపోయి గ్లిసిరెటినిక్ ఆమ్లమవుతుంది. అది ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఇక కార్టిసాల్‌ను ఆపేది ఉండదు. ఉప్పు నిలుస్తుంది, దాంతో నీరు నిలుస్తుంది, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ ఎక్కుతుంది. ఇదంతా సరిగ్గా చదివినప్పుడు నా కళ్ళ ముందు మెదిలింది మా ఇంటి భోజనం. పండుమిరపకాయ పచ్చడి, గోంగూర, ఆవకాయ, పక్కన ఊరమిరపకాయలు. ఉప్పును ఒంట్లో నిలబెట్టే వేరుకు మా గుంటూరు విస్తరి కన్నా అనువైన చోటు లోకంలో ఎక్కడుంటుంది!

అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన ఒకాయన రోజుకు సంచీన్నర నల్ల లికరిస్ మిఠాయి కొన్ని వారాలు వరసగా తిని, గుండె ఆగి పోయిన ఉదంతం 2020లో వైద్యపత్రికలో వచ్చింది. ఆ వార్త చదివి “మిఠాయి కదా, మనది వేరు” అని పేజీ తిప్పేశాను. అదే ఏడాది కోవిడ్ రోజుల్లో ఆయుష్ శాఖ పరీక్షకు తీసుకున్న మూలికల్లో యష్టిమధు ఉందన్న వార్తను మాత్రం కత్తిరించి దాచాను.

మా డాక్టరు నా పాత విద్యార్థి. బీపీకి ఒక మాత్ర, దాంతో పాటు నీటిమాత్ర రాశాడు. వెళ్ళిన ప్రతిసారీ, “ఇంకేమన్నా వాడుతున్నారా మాస్టారూ, ఆయుర్వేదం గానీ, హోమియో గానీ?” అని అడిగేవాడు. “అబ్బే, ఏమీ లేదు నాయనా” అనేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ఆ మాట అంటున్నప్పుడే దవడన ముక్క ఉంది. అబద్ధం చెబుతున్నానని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ పూర్తిగా అనిపించడం లేదు. అతను అడిగింది మందుల గురించి. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయంటే వయసన్నాను నేనే. నీటిమాత్ర పొటాషియాన్ని తోడేస్తుంది, వేరూ తోడేస్తుంది, పొటాషియం తగ్గితే కండరాలు పట్టు తప్పుతాయి. నా పిక్కల నొప్పికి అతిమధురమే కారణమని తేల్చి చెప్పలేను. కానీ గొంతు పలికిన రాత్రి ఇంత నిదానం చూపించలేదు. అప్పుడు వేరు మందయింది. ఇప్పుడు నొప్పి దగ్గరకు వచ్చేసరికి ఉట్టి వేరు.

గొంతు మాటకు న్యాయం చేయాలంటే, వేరు పనిచేస్తుందనడానికి ఆధారం లేకపోలేదు. ఆపరేషన్లో గొంతులోకి గొట్టం వేస్తే తర్వాత నొప్పి పుడుతుంది. మత్తు ఇవ్వడానికి ముందు అతిమధురం నీళ్ళు పుక్కిలిస్తే ఆ నొప్పి తగ్గిందని లక్నోలోని సంజయ్ గాంధీ పీజీఐ వైద్యులు 2009లో చూపించారు. అర గ్రాము పొడి, 30 మిల్లీలీటర్ల నీళ్ళు. పుక్కిలించి ఉమ్మేయడమే, మింగే పని లేదు. ఇది తెలిశాక కూడా నేను నమలడం మానలేదు. పుక్కిలించడం రోగి చేసే పని. దవడన ముక్క పెట్టుకోవడం నటుడి దర్జా.

మా అమ్మాయి పురిటికి వచ్చింది. పొడి దగ్గు పట్టుకుంటే మా ఆవిడ పాలల్లో అతిమధురం చూర్ణం కలపబోయింది. వాళ్ళమ్మ తనకు ఇచ్చిందట, చరకుణ్ణి ఆవిడ దగ్గర పొగిడింది నేనే. నేను లేచి గిన్నె పట్టుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు వారానికి అర గ్రాము పైగా గ్లిసిరైజిన్ తిన్న తల్లుల పిల్లలు జ్ఞాపకశక్తి పరీక్షల్లో వెనకబడ్డారని హెల్సింకీ పరిశోధకులు 2017లో రాశారని చెప్పాను. తేదీ, మోతాదు, ఊరి పేరు తడుముకోకుండా వచ్చేశాయి. చెప్పి నేనే ఆశ్చర్యపోయాను. నమ్మనట్టు తిప్పేసిన పేజీలన్నీ నాకు కంఠతా ఉన్నాయన్నమాట.

“ఇంత తెలిసినవారు ఇన్నేళ్ళు మీరెందుకు నమిలారండీ?” అంది ఆవిడ.

“గొంతు కోసం.”

“గొంతు కోసమా, వన్స్‌మోర్ కోసమా?” అని, పాలల్లో మిరియాల పొడి వేసి తీసుకెళ్ళింది. అమ్మాయి మాత్రం వదల్లేదు. “నాన్నా, ఇది డాక్టరుకు చెప్పావా?”

చెప్పాను. అతను తిట్టలేదు, ఫైలు తీసి మందుల వరసలో కింద రాసుకున్నాడు. “రోజుకెంత మాస్టారూ?” “ఒక ముక్క, ఒక్కోరోజు రెండు.” “ముక్కంటే ఎన్ని గ్రాములు?” నా దగ్గర జవాబు లేదు. పచారీ కొట్టు కాటాకు ఒక్క ముక్క ఆనదు. తెలిసిన నగల కొట్టుకు వెళ్ళి తూకం వేయించాను. కొట్టాయన పిల్లలను పిలిచి చూపించి నవ్వాడు. 4 గ్రాములకు కాస్త పైన తూగింది. వేరులో గ్లిసిరైజిన్ పాలు రకాన్ని బట్టి మారుతుంది. నూటికి 5 పాళ్ళనుకుంటే ముక్కకు 200 మిల్లీగ్రాములు. యూరప్‌లో పెద్దవాళ్ళకు రోజుకు 100 మించవద్దన్నారు. నమిలితే రసమంతా దిగదు కదా అని డాక్టరుతో ఫోనులో వాదించాను. “సగం దిగినా హద్దు మీదే ఉన్నారు మాస్టారూ. ఆపేయండి. దాని ప్రభావం పోవడానికి రెండు వారాలు పట్టవచ్చు, అప్పుడు మళ్ళీ పొటాషియం చూద్దాం” అన్నాడు.