దూలమున్న కన్ను

(మత్తయి 7:1-5, 2 సమూయేలు 12:1-13 చదువుడి.)



సంస్కారపు ఆదివారము సమీపించినప్పుడు మన సంఘములలో ఒక ప్రశ్న వినబడుచుండును: ఫలానివారు ఏ ముఖముతో బల్లయొద్దకు వచ్చెదరు? కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు ప్రతివాడును తన్నుతాను పరీక్షించుకొనవలెనని బోధించెనేగాని, ప్రక్కవానిని పరీక్షింపుమని వ్రాయలేదు. అయినను మన చూపు ప్రక్క చాపమీదికే పోవుచుండును.

తీర్పు తీర్చవద్దని ప్రభువు చెప్పెను గనుక తప్పును తప్పనియే అనరాదని కొందరు తలంచుదురు. అది సరికాదు. దూలము తీసికొనిన తరువాత నలుసును తీయుటకు తేటగా కనబడునని ఆయనే సెలవిచ్చెను. కాబట్టి నలుసు తీయవలసినదే. కంటిలో నలుసు పడిన బిడ్డను తల్లి ఏమి చేయునో మనమెరుగుదుము. తల ఒడిలో పెట్టుకొని, రెప్పను మెల్లగా ఎత్తి, చీరకొంగు మొనతో అద్ది తీయును. తనకే చూపు ఆననివాడు ఆ పనికి పూనుకొనినయెడల నలుసు అటుండగా కన్నే పోవును. ప్రభువు నజరేతులో వడ్లపని చేసినవాడు (మార్కు 6:3). ఇంటికప్పును మోయు దూలమెంతటిదో ఆయన చేతులకు తెలియును.

ఇప్పుడు దావీదును చూడుడి. నాతాను నగరికి వచ్చునప్పటికి బత్షెబకు బిడ్డ పుట్టియుండెను. అనగా పాపము జరిగి తొమ్మిది నెలలైనను గడచెను. ఊరియా మరణించెను. ఆ దినములన్నిటిలో దావీదు రాజుగానే సింహాసనముమీద కూర్చుండెను. నాతాను కేకలు వేయలేదు. బీదవాని గొఱ్ఱెపిల్ల సంగతి ఒక వ్యాజ్యెమువలె రాజు ఎదుట పెట్టెను.

రాజు ఇచ్చిన తీర్పును నిదానించి చదువవలెను. గొఱ్ఱెను దొంగిలి కోసినవాడు ఒకదానికి నాలుగు ఇచ్చుకొనవలెనని నిర్గమకాండము 22:1లో ఉన్నది. మరణము అందులో లేదు. దావీదు నాలుగంతల మాట ఎత్తకమునుపే వాడు చావవలసినవాడని ఒట్టు పెట్టుకొనెను! గొఱ్ఱెదొంగమీద ఇంత కోపమెందుకు? ఆ మరణశిక్ష వ్యభిచారమునకును నరహత్యకును ధర్మశాస్త్రము విధించినది. లోపల దాచిన దోషము అన్యునిమీద తీర్పై బయటికి వచ్చెనని మాకు తోచుచున్నది.

కాబట్టి ఒకని తప్పు విన్నప్పుడు మనకు మితిమీరిన కోపము వచ్చినయెడల, ఆ కోపమునే పట్టుకొని లోపలికి పోవలెను. కట్నము పుచ్చుకొనిన యింటిని గూర్చి కఠినముగా మాటలాడు మనము, మన కుమారుని పెండ్లికి ఏ పేరు పెట్టి ఏమి పుచ్చుకొంటిమి? సంఘములో కులభేదమున్నదని పెద్దలను నిందించు మనము, మన కుమార్తెకు సంబంధము వెదకునప్పుడు మొదట ఏమి అడుగుచున్నాము? బల్లయొద్దకు రాకముందు ఈ ప్రశ్నలు మనలను కొంత నొప్పించుట మేలు.

ఆ మనుష్యుడవు నీవేయని నాతాను చెప్పగా దావీదు యెహోవాకు విరోధముగా పాపము చేసితినని ఒప్పుకొనెను. హెబ్రీ భాషలో ఆ ఒప్పుకోలు రెండే మాటలు. బత్షెబ పేరు ఎత్తలేదు, యోవాబు పేరు ఎత్తలేదు. సౌలైతే సమూయేలు గద్దించినప్పుడు జనులమీదికి నెట్టెను (1 సమూయేలు 15).

తరువాతి కాలములో దావీదుకు బత్షెబయందు పుట్టిన కుమారులలో ఒకని పేరు నాతాను (1 దినవృత్తాంతములు 3:5). ప్రవక్తనుబట్టియే ఆ పేరు పెట్టిరని వాక్యము చెప్పదు. అయినను తన్ను గద్దించినవాని పేరుతో రాజు తన బిడ్డను ప్రతిదినము పిలుచుచుండెను. లూకా వ్రాసిన మన ప్రభువు వంశావళిలో ఆ నాతాను పేరున్నది.