గాలము వేసినవాడు, నావ నడపినవాడు

ధ్యానమున మనస్సు ఎట్లు నిలువవలెనో చెప్పుచు శ్రీరామకృష్ణులు ఒక చేపలు పట్టువాని కథ చెప్పెడివారు. వాడు చెఱువుగట్టున ఒంటరిగా కూర్చుండి గాలము వేసినాడు. చాలసేపటికి బెండు కదలినది. దాని కొన నీటిని తాకుచు, మఱల లేచుచు నున్నది. వాడు కఱ్ఱను గట్టిగా పట్టుకొని లాగుటకు సిద్ధముగా నున్నాడు. సరిగా ఆ సమయముననే బాటసారి యొకడు వచ్చి, ఫలానావారి ఇల్లెక్కడ అని అడిగినాడు. జవాబు లేదు. మఱల మఱల అడిగినాడు. గాలము వేసినవాని చేతులు వణకుచున్నవి. చూపు మాత్రము బెండుమీదనే యున్నది. బాటసారి విసిగి వెడలిపోయినాడు.

సాధారణముగా మనము ఈ కథను ఇక్కడనే ఆపుదుము. నేనును ప్రసంగములలో పెక్కుమాఱులు ఇక్కడనే ఆపితిని. ఏకాగ్రతకు దృష్టాంతము దొరకినది, అది చాలుననుకొంటిని. కాని కథ ఇంకను కలదు. బెండు మునిగినది. చేప గట్టుమీద పడినది. అప్పుడు వాడు ముఖమున పట్టిన చెమటను తుడుచుకొని, దూరముగా పోయిన ఆ బాటసారిని కేకలు వేసి పిలిచినాడు. అతడు రానని తల త్రిప్పుకొన్నను విడువలేదు. తుదకు వెనుకకు రప్పించి, ఇందాక నీవేమి అడిగితివి అని ప్రశ్నించినాడు. బెండు మునుగు సమయమగుటచే తనకు ఒక్క మాటయు వినబడలేదని చెప్పుకొన్నాడు.

ఈ రెండవ భాగమును గూర్చి నేను కొంతకాలముగా ఆలోచించుచున్నాను. నదులు గల దేశములు అనేకములలో ఒడ్డున గాలము వేసినవానికిని, ముందుగా పడవలో పోవువానికిని నిత్యము తగవు జరుగుచున్నది. చిన్న తగవే. కాని దానిని విడదీసి చూచినచో మన సాధనకు సంబంధించిన చిక్కు ఒకటి అందులో కనబడును.

మొదట తగవు ఏల పుట్టునో చూడవలెను. వంకరలు తిరుగు ఏటిలో నీటివడి వెలుపలి యొడ్డును ఒరసికొని పోవును. లోతు అక్కడనే యుండును. లోపలివైపున ఇసుక మేట వేయును. చేపలు లోతును వెదకును గనుక గాలము వేయువాడు వెలుపలి యొడ్డుననే కూర్చుండును. పడవవానికిని లోతే కావలెను. మేటమీద పడవ తగులుకొనును. అనగా ఇద్దఱును దుష్టులు కానక్కఱలేదు, ఇద్దఱికిని కావలసినది ఒక్కటే నీరు. పడవ పోవునప్పుడు దాని నీడయు, శబ్దమును, అలయు చేపను బెదరించును. అడుగున నున్న బురద లేచును. గాలపు దారము యంత్రపు పడవ ఱెక్కకు చుట్టుకొన్నచో పడవవాడు నడిమి ఏట నిలిచిపోవును. ఒకడు కదలరాదు, రెండవవాడు నిలువరాదు. కదలనివాడు తానే తపస్సు చేయుచున్నట్లును, కదలువాడు దానిని చెఱచుటకు వచ్చిన రాక్షసుడైనట్లును భావించును. కదలువానికి ఆ కూర్చున్నవాడు పనిలేక దారికి అడ్డముగా కఱ్ఱ చాచిన సోమరి.

నేను బ్రహ్మచారిగా నున్న దినములలో కొంతకాలము గోదావరీతీరమున వసించితిని. తెల్లవారుజామున రేవుమెట్లపై జపమునకు కూర్చుండెడివాడను. నాకు దిగువన నాలుగు మెట్ల క్రింద ఒక వృద్ధుడు గాలము వేసికొని కూర్చుండెడివాడు. మా కిద్దఱికి మాటలు లేవు. అది వేసవి. ఒక ఉదయమున లాంచీ యొకటి ఒడ్డుకు మిక్కిలి చేరువగా వచ్చినది. అల మెట్లమీది కెక్కినది. వృద్ధుని దారము తెగినది. అతడు లేచి సరంగును తిట్టినాడు. సరంగు పైనుండి బదులు తిట్టినాడు. నేను కన్నులు తెఱచి, పెదవి కదపకుండ, ఇద్దఱిని తిట్టితిని. లాంచీ పోయిన పిమ్మట వృద్ధుడు నా వంక చూచి, "మీ జపం కూడా తెగిపోయిందా స్వామీ?" అని అడిగినాడు. నా కోపము అతని కెట్లు తెలిసినదో! అతని మాటలో వెక్కిరింత లేదు, అందువలననే అది నాకు గ్రుచ్చుకొన్నది. వేసవిలో నీరు తగ్గి నడిమి నదిలో మేట లేచినందున, ఒడ్డువెంబడి తప్ప లాంచీకి దారి లేదని ఆ మధ్యాహ్నము తెలిసినది. ఆ సరంగునకు మా మెట్లపై ద్వేషమేమియు లేదు.

ఈ తగవు న్యాయస్థానముల కెక్కి మిక్కిలి పైవఱకు పోయిన సందర్భము ఒకటి కలదు. స్కాట్లండు ఉత్తరభాగమున స్పే అను నది పర్వతసీమలలో పుట్టి, సుమారు 170 కిలోమీటర్లు వడిగా పాఱి, మోరే అఖాతమున కలియును. సాల్మన్ అను చేపకు అది ప్రసిద్ధము. ఆ దేశమున సాల్మనును పట్టు హక్కు భూమివంటి ఆస్తి. కొనవచ్చును, అమ్మవచ్చును, వారసులకు విడువవచ్చును. ఒడ్డున చెట్లు దట్టమై వెనుకకు దారము విసరుటకు వీలులేని చోట్ల, దానిని నీటిమీదనే చుట్టి ముందునకు విసరు నేర్పు ఒకటి అక్కడ పెరిగినది. గాలమువేయు లోకమున ఆ పద్ధతికి ఆ నదిపేరే నిలిచినది. ఇంత శ్రద్ధగా సేవింపబడు ఏటిమీదికి, యువకులకు సన్నని తెడ్డుపడవలు నడపుట నేర్పు పాఠశాలవారు వచ్చిరి. చేపల హక్కుగలవారు అభ్యంతరము చెప్పిరి. వ్యాజ్యము మెట్టు మెట్టుగా ఎక్కి 1976 లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఎదుట ముగిసినది.

తీర్పు పడవలవారికి అనుకూలముగా వచ్చినది. దాని ఆధారము విచిత్రమైనది. పూర్వము, ముఖ్యముగా 18వ శతాబ్దమునుండి, ఎగువ అడవులలో నఱకిన మ్రానులను ఆ నదిలో తేల్చి సముద్రమువఱకు తెచ్చెడివారు. మొదటి దినములలో ఆ దుంగల వెంట తోలు కప్పిన బుట్టపడవలలో మనుష్యులు పోయెడివారట. మన కృష్ణా తుంగభద్రలమీది పుట్టి వంటివన్నమాట. ఆ వాడుకచే నది ప్రజల దారి అయినది. తరువాత ఎంతకాలము ఎవ్వరును దానిని వాడకున్నను, ప్రజల దారి యను స్వభావము దానికి పోలేదు. ఇది న్యాయమూర్తుల నిర్ణయము. చలినీట నానుచు దుంగలు నడపిన కూలివారి శ్రమ, వారి పేర్లు మఱుగుపడిన పిమ్మట, ఎవరి పిల్లలకో దారి సంపాదించి పెట్టినది.

అటుపిమ్మట 2003 లో చేసిన చట్టము ఆ దేశమున భూమిమీదను, నదులు సరస్సులమీదను సంచరించు హక్కును అందఱికి ఇచ్చినది. యంత్రపు పడవలకు అది వర్తింపదు. ఇచ్చిన హక్కునకు ఒకే నియమము పెట్టిరి: బాధ్యతతో వాడవలెను. ఆదివారమున సాల్మనును పట్టరాదని వేఱొక నిషేధము అక్కడ కలదు గనుక, వారమునకు ఒక దినము ఈ తగవునకును సెలవు!

ఇంతవఱకు న్యాయశాస్త్రము చేయగలిగినది. ఎవడు పోవచ్చునో అది చెప్పినది. కాని ఒడ్డున నున్నవాడు దారమును విసరబోవు క్షణమును, చేప తగిలి కఱ్ఱ వంగిన క్షణమును గమనించి తెడ్డు పైకెత్తుమని ఏ తీర్పు చెప్పగలదు? దూరమున వచ్చు పడవను చూచి, ఒకసారి దారము చుట్టుకొని, పొమ్మని చేయి ఊపుమని ఏ చట్టము ఒకనికి నేర్పగలదు? బాధ్యత యను ఒక్క మాటలో చట్టము తన చేతకానిదంతయు మనుష్యుని చేతికి అప్పగించి తప్పుకొన్నది. మన పెద్దలు దానిని ధర్మమనిరి.

ఇప్పుడు మొదటి కథ చెప్పిన మహాపురుషుని జీవితములోనిదే మఱొక సంఘటన. దక్షిణేశ్వరమున గంగారేవున రెండు పడవలు కట్టియుండెను. శ్రీరామకృష్ణులు భావస్థితిలో గంగను చూచుచుండిరి. పడవవాండ్రు ఇద్దఱు తగవులాడుకొనిరి. మాటలు పెరిగి, బలవంతుడు రెండవవాని వీపుమీద గట్టిగా కొట్టినాడు. వెంటనే శ్రీరామకృష్ణులు బాధతో అఱచిరి. ఆ కేక విని మేనల్లుడు హృదయుడు పరుగెత్తివచ్చి చూడగా, ఆయన వీపు ఎఱ్ఱబడి వాచియుండెనని లీలాప్రసంగకారులు వ్రాసియున్నారు.

ఈ సంఘటనను అద్భుతముగా చెప్పుకొనుట తేలిక. నాకు అద్భుతముకంటె ఆ రెండింటి సామీప్యము ఎక్కువగా తోచుచున్నది. బాటసారి కేక వినబడనంతగా మనస్సు నిలువవలెనని చెప్పిన నోరే, పడవవాని దెబ్బకు అఱచినది. ఏకాగ్రత యనగా చెవిటితనమని ఆయన ఉద్దేశమైనచో ఆ వీపు వాచియుండరాదు. గట్టున కూర్చున్న మన సాధకులలో (నన్నును కలుపుకొనియే చెప్పుచున్నాను) పెక్కుమందికి నిశ్శబ్దము ఒక ఆస్తి, స్పే నదిలోని చేపల హక్కువలె. ఎవడైనను దానిమీదుగా నడచినచో వ్యాజ్యమునకు లేతుము. వంటయింటి గిన్నె చప్పుడు, పొరుగింటి పసివాని ఏడ్పు, రేవున లాంచీ కూత, అన్నియు మనకు అపరాధులే. కథలోని గాలపువాడు బాటసారిమీద కోపగించినట్లు ఎక్కడను లేదు. వాడు నిజముగా వినలేదు, విననివానికి కోపమెక్కడిది? నేను రేవుమెట్లపై లాంచీని స్పష్టముగా వింటిని. తెగినది నా జపము కాదు. అది అంతకు ముందే తెగియుండెను, లాంచీ నాకు తెలిపినది అంతే.

ఇంత మాటాడితిమి గాని, నీటిలోపల నున్నదాని నెవ్వరును అడుగలేదు. సాల్మన్ సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు తాను పుట్టిన ఏటికి తిరిగి వచ్చును. వచ్చినప్పుడు అది ఆహారము మానును. అయినను గాలమునకు ఈకలతో కట్టిన బొమ్మ ఈగను నోట పట్టును. ఏల పట్టునో శాస్త్రజ్ఞులకే నిశ్చయము లేదు. పసితనమున అదే ఏటిలో ఈగలు తిన్న అలవాటని కొందఱు, చీకాకుచే కఱచునని కొందఱు అందురు. భాగవతములో అవధూత తన గురువులలో చేపను ఒకదానిగా లెక్కించి, రుచికి లొంగి చచ్చునదని చూపినాడు. ఈ చేప గతి అంతకంటె దారుణము. ఆకలి పోయినది, సంస్కారము పోలేదు.

చేపలు పట్టుట తగునా కాదా యను విచారణలోనికి నేను దిగను. చేపతోనే పొయ్యి రాజు కుటుంబములు మన తీరమున ఎన్నియో కలవు. భిక్షాన్నము తినువాడు వారి యెదుట తేలికగా పలుకవలసిన మాట కాదది. భారతమున అనుశాసనపర్వములో భీష్ముడు చెప్పిన కథ మాత్రము తలచుకొందును. కలసి వసించుటవలన పుట్టు స్నేహమెట్టిదని ధర్మరాజు అడుగగా చెప్పినది అది. చ్యవన మహర్షి గంగాయమునల సంగమమున పండ్రెండేండ్లు నీటిలో తపస్సు చేసెను. చేపలు ఆయనకు అలవాటుపడెను. ఒకనాడు జాలరులు వల వేసి లాగగా చేపలతోపాటు మహర్షియు ఒడ్డునకు వచ్చెను. జాలరులు భయపడి కాళ్లపై పడిరి. ఆయన వారిని శపింపలేదు. గిలగిల కొట్టుకొను చేపలను చూచి నిట్టూర్చి, ఇంతకాలము కలసి వసించినవానిని విడువజాలను. వానితోపాటు చచ్చుటయో, వానితోపాటు అమ్ముడుపోవుటయో నాకు తగునని పలికెను. వార్త విని నహుషమహారాజు వచ్చి వేయి నాణెములు, లక్ష, కోటి, అర్ధరాజ్యము, తుదకు రాజ్యమంతయు వెల కట్టెను. ఏదియు మహర్షికి సరిపోలేదు. ఒక గోవు వెలగా నిర్ణయమైనప్పుడు మాత్రమే ఆయన లేచెను. జాలరులు ఆ గోవును తామే యుంచుకొనక మహర్షికే సమర్పించిరి. ఆయన స్వీకరించి, మీరును ఈ చేపలును కలసి స్వర్గమునకు పొండని పలికెను. వల వేసినవారును, వలలో పడినవియు ఒక్కటిగా పైకి పోవుచుండగా, నహుషుడు ఆ నీటియొడ్డుననే నిలిచి ఆశ్చర్యముతో చూచుచుండెను.