వడ్డీ అడిగే ముందు గడువు అడుగు

తల్లీ,

"తక్కువ వడ్డీ క్రెడిట్ కార్డు ఏ బ్యాంకులో తీసుకోను పెదనాన్నా?" అని అడిగావు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కార్డు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు, తీసుకో. కాకపోతే బ్యాంకు పేరు కంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఊళ్లో సొసైటీలో రైతుల అప్పుల లెక్కలు ఏళ్ల తరబడి రాసినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. గడువులోపల కట్టేవాళ్లకి ఏ కార్డయినా తక్కువ వడ్డీదే. గడువు దాటేవాళ్లకి ప్రకటనలో ఎంత తక్కువని రాసినా అది ఎక్కువ వడ్డీదే అవుతుంది.

మీ నాన్న పంట రుణమే చూడు. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. నిజంగా తక్కువ వడ్డీ కార్డు ఏదంటే నేను దాన్నే చూపిస్తాను. 3 లక్షల రూపాయల వరకూ పంట రుణానికి ఏడాదికి 7 శాతం వడ్డీ. గడువులోపల తీర్చేస్తే కేంద్ర ప్రభుత్వం మరో 3 శాతం భరిస్తుంది, రైతు మీద పడేది 4 శాతమే. మన ఊరి లెక్కలో నూటికి నెలకి ముప్పై మూడు పైసలు. గడువు దాటిందంటే ఆ రాయితీ పోతుంది, ఆ పైన బ్యాంకు మామూలు వడ్డీ పడుతుంది. అదే పొలం, అదే బ్యాంకు, అదే కాగితం. మారింది తేదీ ఒక్కటే.

నువ్వు తీసుకోబోయే కార్డుదీ ఇదే పద్ధతి. కాకపోతే ఇక్కడ తేడా భయపడవలసినంత ఉంటుంది. బిల్లు మొత్తం గడువు తేదీకి కట్టేస్తే వడ్డీ సున్నా. ఏ రోజు కొన్నావన్న దాన్నిబట్టి సుమారు 20 నుంచి 50 రోజుల దాకా బ్యాంకు డబ్బు ఉచితంగా వాడుకున్నట్టే. బాకీ మిగిల్చావంటే మాత్రం చాలా కార్డుల మీద నెలకి 3 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ పడుతుంది. శాతాల్లో చెబితే చిన్నగానే వినిపిస్తుంది. మనవాళ్ల లెక్కలోకి మార్చి చూడు: మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల వడ్డీ, ఏడాదికి 45 శాతం. రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాయాలంటేనే మీ నాన్న రాత్రంతా ఆలోచిస్తాడు. పైగా కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాలి. ఆ వడ్డీ కూడా గడువు తేదీ నుంచి కాదు, వస్తువు కొన్న రోజు నుంచే లెక్కకొస్తుంది. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ ఆ ఉచిత రోజులు ఉండవు.

ఇంత వడ్డీకి అడ్డుకట్ట లేదా అంటావేమో. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమంది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కాబట్టి ఇప్పుడు నిన్ను కాపాడే పరిమితి నువ్వు నీకు పెట్టుకునేదే.

బిల్లులో 'కనీస మొత్తం' అని ఒక చిన్న అంకె ఉంటుంది. ఎందరో చదువుకున్న పిల్లలు మునిగేది అక్కడే. నీ బాకీ 50,000 రూపాయలు, వడ్డీ నెలకి మూడున్నర శాతం అనుకుందాం. నెల వడ్డీ 1,750, దాని మీద జీఎస్టీ 315, వెరసి 2,065. కనీస మొత్తం అయిదు శాతం చొప్పున 2,500 కట్టావనుకో, అసలులో తగ్గేది 435 రూపాయలు. నెలంతా కష్టపడి కట్టి, వచ్చే నెల మళ్లీ దాదాపు అదే బాకీతో మొదలుపెడతావు. కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు ఏళ్ల తరబడి సాగుతుందని బిల్లు మీద హెచ్చరిక వేయాలని రిజర్వు బ్యాంకు నిబంధనే పెట్టింది. ఆ చిన్న అంకెను నీ కళ్లు అసలు చూడకూడదు. మొత్తం బాకీ ఎంతో అదే చూడు, అదే కట్టు. జీతం పడే ఖాతా నుంచి మొత్తం బిల్లు ఆటో డెబిట్ అయ్యేలా మొదటి రోజే రాసిచ్చెయ్.

ఇక దరఖాస్తు సంగతి. మాల్ గుమ్మంలో బల్ల వేసుకుని పిలిచేవాళ్ల దగ్గర సంతకం పెట్టకు. నీ జీతం పడే బ్యాంకుకే ముందు వెళ్లు. నీ రాబడి వాళ్లకి తెలుసు, కాబట్టి పని తేలిక. పాన్, ఆధార్, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకో. ఒకేసారి నాలుగైదు చోట్ల దరఖాస్తు చేయకు. ప్రతి దరఖాస్తూ నీ క్రెడిట్ రిపోర్టులో నమోదవుతుంది, నీకు డబ్బు అవసరం ఎక్కువగా ఉందని బ్యాంకులు అనుకుంటాయి. సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార సంస్థలు దేశంలో నాలుగున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అది తెప్పించుకుని, నీది కాని అప్పేదైనా నీ పేరున ఉందేమో చూసుకున్నాకే అడుగు వెయ్యి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పవలసిన బాధ్యత వాళ్లదే, మొహమాటపడకుండా అడుగు. కొత్త ఉద్యోగమని ఇవ్వకపోతే కొంత డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని హామీ మీద కార్డు తీసుకోవచ్చు. ఏడాది పాటు దాన్ని శుభ్రంగా నడిపితే తరవాతి కార్డు వాళ్లే పిలిచి ఇస్తారు.

ఏడాదికి 9 శాతం నుంచి వడ్డీ మొదలని ప్రకటించిన కార్డులూ ఉన్నాయి. ఆ అంకె అందరికీ కాదు, మంచి రికార్డు ఉన్న కొందరికే. నీకు పడే వడ్డీ ఎంతో నీకిచ్చే ముఖ్య నిబంధనల కాగితంలో ఉంటుంది. అందులో నాలుగు సంగతులు వెతికి, ఎర్ర సిరాతో గీత గీసుకో: ఏడాది వడ్డీ, ఏడాది ఫీజు, ఆలస్యపు రుసుము, నగదు తీస్తే పడే రుసుము. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు మాత్రం ఎప్పుడూ తీయకు. సాధారణంగా రెండున్నర శాతం రుసుము పోగా, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. రివార్డు పాయింట్లు, ఎయిర్‌పోర్టు లౌంజీలు చూసి కార్డు ఎంచుకోవద్దు, నీకు వాటితో పనిలేదు.

గడువు తేదీ విషయంలో నీకొక హక్కుంది. బిల్లు తేదీని కనీసం ఒకసారైనా మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. నీ జీతం ఒకటో తేదీన పడితే, గడువు అయిదుకో ఆరుకో వచ్చేలా మార్పించుకో. జీతం రాగానే ముందు కార్డు బాకీ తీర్చు, మిగిలినదాంతోనే నెల గడుపు. లిమిట్ లక్ష ఇచ్చారని లక్ష నీదనుకోకు. బందరు కాలువ నిండా నీళ్లు పారుతున్నా మన చేనికి వదిలేది మన వంతే కదా. లిమిట్‌లో మూడోవంతు దాటకుండా వాడితే నీ స్కోరూ బాగుంటుంది, నీ నిద్రా బాగుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. నాన్నకి సాయం చేద్దామని ఎరువులు, పురుగుమందులు నీ కార్డు మీద కొనకు. నీ మనసు మంచిదని తెలుసు, అందుకే ముందుగా చెబుతున్నాను. మన డెల్టాలో సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో, ఆ వెనక వేసిన మినుము చేతికొచ్చేది మార్చి నాటికి. పంట డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, కార్డు బిల్లు పన్నెండుసార్లు వస్తుంది. ఈ రెండూ ఎప్పటికీ కలవవు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన ఓదెలు పొలాల్లోనే నానిపోయాయి. అలాంటి విపత్తు వస్తే పంట రుణాన్ని రీషెడ్యూలు చేసే ఏర్పాటు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. నీ కార్డు బిల్లు గడువు తుపాను కోసం ఆగదు.

పొలం అవసరానికి పొలం కార్డే వాడాలి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల వరకూ తాకట్టు లేకుండానే పంట రుణం ఇవ్వాలి. మీ నాన్న సొంత చేనుకి రుణం ఉంది కానీ కౌలుకి చేసే పొలానికి లేదు. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కుల కార్డు తీసుకోవచ్చు. అది పదకొండు నెలలకి రాసుకునే ఒప్పందం, భూమి హక్కు ఎక్కడికీ పోదు. అయినా ఆసామి సంతకం పెట్టడానికి జంకుతాడు. నువ్వు ఒక ఆదివారం వచ్చి, కూర్చుని, ఆ కాగితం ఆయనకి చదివి వినిపించు. నాన్నకి నువ్వు చేయగల అసలైన సాయం అది.

అప్పును అదుపులో పెట్టాలన్న ఆలోచన మన నేలకి కొత్త కాదు. బందరులో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు స్థాపించారు, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. దేశంలో క్రెడిట్ కార్డు తెచ్చిన తొలి బ్యాంకుల్లో అదీ ఒకటి, 1981లోనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇంత చరిత్ర ఉన్న చోటనే, 2015 డిసెంబరులో కాల్ మనీ వ్యవహారం బయటపడి బెజవాడ ఉలిక్కిపడింది. అధిక వడ్డీలకి అప్పిచ్చి కుటుంబాలను, ముఖ్యంగా ఆడవాళ్లను వేధించిన ఉదంతాలవి. బ్యాంకు తలుపు తట్టాలంటే బెరుకు, ఇంట్లో చెప్పాలంటే సిగ్గు, ఈ రెండూ కలిసే మనిషిని అలాంటివాళ్ల దగ్గరికి తోస్తాయి. నీకు ఆ బెరుకూ వద్దు, ఆ సిగ్గూ వద్దు.

ఎప్పుడైనా బిల్లు మొత్తం కట్టలేని నెల వస్తే దాచకు. వెంటనే మీ నాన్నకో నాకో చెప్పు. బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకున్నా నూటికి ముప్పావలా, రూపాయి వడ్డీలో తేలుతుంది. దాంతో కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చేసి, అప్పును నెలనెలా దించుకోవచ్చు. కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డు, ఆ కార్డుకి లోన్ యాప్, ఈ దారిలోకి మాత్రం అడుగు పెట్టకు. లిమిట్ పెంచుతామని ఫోన్ చేసి ఓటీపీ అడిగినవాడు బ్యాంకువాడు కాడు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యి. బ్యాంకుతో తగాదా వచ్చి నెలలోపు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఖర్చేమీ లేదు. కార్డు వద్దనుకుంటే బాకీ తీర్చి మూసేయమను. ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకి 500 రూపాయల చొప్పున వాళ్లే నీకు కట్టాలి.

కాబట్టి ఒకటే కార్డు తీసుకో. మొదటి ఆరు నెలలూ సరుకులకీ కరెంటు బిల్లుకీ మాత్రమే వాడు, ప్రతి నెలా మొత్తం కట్టు. ఆ ఆరు బిల్లులూ తీసుకుని సంక్రాంతికి ఇంటికి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం. వడ్డీ గడిలో ఆరుసార్లూ సున్నా ఉంటే నీకు డబ్బు నడపడం వచ్చినట్టే, నీ తమ్ముడికి నువ్వే నేర్పవచ్చు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న