ఆగి తాగు బిడ్డా

బిడ్డా, క్రాఫ్ట్ బీరు రుచి చూడాలని నీకు మనసైతే తప్పని నేననను. ఊళ్లో పెళ్లికని నవజీవన్ రైలెక్కి వరంగల్లులో దిగుతావు, పెళ్లి కాగానే హైదరాబాద్ దోస్తులు పిలుస్తారు. ఇరవై ఒకటి నిండినవాడివి, పో. కానీ తొందరపడకు. నీకు చెడ్డబుద్ధి లేదు, నాకు తెలుసు. ఉన్నదల్లా తొందర.

మన తాతలు కల్లు తాగినవాళ్లే కదా. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాటిలో మళ్లీ పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు. ఏ చెట్టుదో, పొద్దున దించిందో, ఎండెక్కి పులిసిందో ఒక్క గుక్కతో చెప్పేవాళ్లు. ఎలా? గబుక్కున మింగకుండా నోట్లో కాసేపు ఉంచుకునేవాళ్లు కాబట్టి. బీరుకీ అదే పద్ధతి.

2015లో తెలంగాణ సర్కారు మైక్రో బ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లో అక్కడికక్కడే కాచి పోసే చోట్లు వచ్చాయి. పోగానే నిండు మగ్గు అడగకు. శాంప్లర్ అని అడిగితే చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు పెడతారు. తేలికదానితో మొదలుపెట్టు. జర్మన్ పద్ధతి గోధుమ బీరు మసకగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అరటిపండు, లవంగం వాసన. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. ఆ వాసనంతా ఈస్టు పుట్టించేదే. బెల్జియం వాళ్ల విట్‌బీరులో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. అవును, మీ అమ్మ పోపులడబ్బా పక్కన ఉండే ధనియాలే. రెండూ దొరికితే పక్కపక్కన పెట్టుకుని వాసన చూడు. తర్వాత ఐపీఏ. హాప్ పూలు ఎక్కువ పడతాయి కాబట్టి చేదు నాలుకను పట్టుకుంటుంది. మొదటి గుక్కకే మొహం చిట్లించి పక్కన పెట్టేయకు. ఆగు. రెండో గుక్కకి చేదు వెనక నిమ్మతొక్క వాసన తగలొచ్చు. నల్లటి స్టౌట్ చివరికి ఉంచుకో, బాగా నల్లబడేదాకా వేయించిన బార్లీతో దానికి కాఫీ వాసన వస్తుంది. మరీ చల్లగా ఉంటే ఆ వాసన పైకి రాదు, కాసేపు బల్ల మీద ఉండనివ్వు. చూశావా, అన్నిటికీ ఆగడమే.

ఖాళీ కడుపుతో కూచోకు. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య నీళ్లు తాగు. 5 శాతమే కదా అని మగ్గు మీద మగ్గు ఎక్కిస్తే నాలుక మొద్దుబారుతుంది. ఆపైన ఏది పోసినా నీకు ఒకటే. అంత డబ్బు పెట్టి, అంత దూరం పోయి ఏం తెలుసుకున్నట్టు?

ఇక మనం ఉండే ఉధ్నా సంగతి. ఇక్కడ మాత్రం వద్దు బిడ్డా. గుజరాత్ 1960లో ఏర్పడిన నాటి నుంచీ మద్య నిషేధమే. 2023 చివర్లో సడలించింది గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీలో మాత్రమే, మన గల్లీకి కాదు. ఫలానా చోట దొరుకుతుందని ఎవడో చెవిలో చెబుతాడు. తలుపేసుకుని, భయపడుతూ, గబగబా మింగేదానికి రుచెక్కడిది? అందులో ఏం కలిపారో ఎవడికి తెలుసు? 2022 జులైలో బోటాద్ వైపు మందని అమ్మింది మిథైల్ ఆల్కహాల్, ఫ్యాక్టరీ రసాయనం. 40 మందికి పైగా పోయారు.

ఆదివారం వాపిలో దిగి దమణ్ పోయొద్దామంటారు మీ గుంపు. అది గుజరాత్ కాదు, అక్కడ తాగితే నేరం కాదు. తాగి సరిహద్దు దాటి ఇటొస్తే నేరం, సంచిలో సీసా ఉంటే ఇంకా పెద్ద నేరం. ఈ ముక్క మీకు తెలియక కాదు, మనల్నెవరు ఆపుతారులే అన్న తొందర. ఆపితే స్టేషన్ బయట నిలబడేది మీ అమ్మ. మగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు దిగొచ్చిన మీ నాన్న ఆ రాత్రే జామీను కోసం సేటు ముందు చెయ్యి చాపాలి. ఒక్క సీసాకి అంత వెలా?

హైదరాబాద్ పోయినప్పుడే తాగు, అదీ ఇంట్లో చెప్పి పో. దాచుకుని తాగేవాడే గబగబా తాగుతాడు. తాగి లేవగానే బండి తాళం నువ్వు తీయకు, దోస్తు చేతికీ ఇవ్వకు, వాడూ తాగే ఉంటాడు. ఆటో ఎక్కండి. చేరగానే, రాత్రి ఎంతైనా సరే, అమ్మకి ఫోన్ చెయ్యి.