వస్వసా వ్యాధిగా మారినప్పుడు

 

కొన్నేళ్ల క్రితం ఇషా నమాజు అయ్యాక ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. వుజూకు కూర్చుంటే అరగంటయినా లేవడు. నమాజుకు నిలబడితే తక్బీర్ పదిసార్లు చెబుతాడు. "హజ్రత్, నీళ్లు అందలేదేమోనని భయం. నియ్యత్ కుదరలేదేమోనని భయం. అల్లాహ్ గురించి నోటితో చెప్పలేని ఊహలు వస్తున్నాయి. నేనసలు ముస్లింగానే ఉన్నానా?" అని అడిగాడు.

"ఇది షైతాన్ వస్వసా. అఊజు బిల్లాహ్ ఎక్కువగా చదువు, జిక్ర్ పెంచు" అని చెప్పి పంపాను. రెండు నెలల తరువాత తండ్రి ఒక్కడే వచ్చాడు. అబ్బాయి అఊజు బిల్లాహ్ కూడా లెక్కపెట్టి చదువుతున్నాడట. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాడట. కాలేజీ మానేశాడు. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాడు బ్యాటు ముట్టడం లేదు. తిండి సయించడం లేదు. చివరికి నమాజే వదిలేశాడు. "వాడి ఈమాన్ పోయిందా హజ్రత్?" అని ఆ తండ్రి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఈమాన్ పోలేదు. పిల్లవాడు జబ్బుపడ్డాడు. నేనిచ్చిన సలహాను ఆ జబ్బు తన పనికే వాడుకుంది. నాలా మరొకరు పొరపాటు పడకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇది ఈమాన్ లోపం కాదు

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధికి కొందరు సహాబా (రజి) వచ్చి, పైకి చెప్పడానికే భయపడే ఆలోచనలు తమ మనసుల్లో వస్తున్నాయని విన్నవించుకున్నారు. ఆయన వారిని గద్దించలేదు. అలా భయపడటమే స్పష్టమైన ఈమాన్ అని తెలియజేశారు (ముస్లిం). నోటితో పలకనంతవరకు, చేతలలో పెట్టనంతవరకు మనసులో మెదిలే ఊహలను ఈ ఉమ్మత్‌కు అల్లాహ్ మన్నించాడని కూడా శుభవార్త ఇచ్చారు (బుఖారి, ముస్లిం).

వస్వసా అందరికీ వస్తుంది, పోతుంది. కొందరిలో అది పోకుండా తిష్ఠ వేస్తుంది. దానినే వైద్యులు ఓసీడీ అంటున్నారు. ముందు ఒక సందేహం, దాని వెంట భయం. భయం తీరడానికి మళ్లీ కడగటం, మళ్లీ చదవటం, మళ్లీ అడగటం. కాసేపు ఊరట కలుగుతుంది. తరువాత అదే సందేహం మరింత బలంగా తిరిగి వస్తుంది. రోజులో గంటలకు గంటలు ఇలా పోతుంటే మనిషి అలసిపోతాడు, సిగ్గుపడతాడు, నలుగురికీ దూరమవుతాడు. అందుకే ఓసీడీ ఉన్నవారిలో చాలామందికి డిప్రెషన్ కూడా తోడవుతుంది.

ఇది నిన్నమొన్న పుట్టిన మాట అనుకోకండి. క్రీ.శ. 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ బల్ఖీ దేహారోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటి గురించీ ఒకే గ్రంథంలో రాశారు. అందులో కోపం, భయం, విషాదాలతో పాటు వస్వసాను కూడా చికిత్స అవసరమైన బాధగా విడిగా చర్చించారు.

సందేహానికి జవాబివ్వకండి

నమాజులో వుజూ పోయిందేమోనని అనిపించే వ్యక్తి గురించి దైవప్రవక్త (స)ను అడిగారు. శబ్దం వినిపిస్తే తప్ప, వాసన వస్తే తప్ప నమాజు విడిచి పోవద్దని ఆయన ఆదేశించారు (బుఖారి, ముస్లిం). దీని ఆధారంగానే ఫుఖహా, సందేహం వల్ల నిశ్చయం తొలగిపోదు అనే సూత్రాన్ని చెప్పారు. వస్వసాకు మందు దానిని పూర్తిగా పట్టించుకోకపోవడమేనని 16వ శతాబ్దపు ఫఖీహ్ ఇబ్ను హజర్ హైతమీ ఫత్వా ఇచ్చారు. నేటి మానసిక వైద్యులూ ఇదే సాధన చేయిస్తారు. భయం వచ్చినా మళ్లీ కడగకుండా, మళ్లీ చదవకుండా ఓర్చుకోవడం కొద్దికొద్దిగా నేర్పుతారు.

కనుక మూడుసార్లు కడిగి లేవండి. తక్బీర్ ఒక్కసారి చెప్పి చేతులు కట్టండి. అఊజు బిల్లాహ్ ఒకసారి చదివి ముందుకు సాగండి. మనసు "కాలేదు" అంటుంది, అననివ్వండి. మీరు మనసు మాట కాకుండా షరీఅత్ మాట విన్నారు.

మనసు మొద్దుబారితే

ఇబాదత్‌లో రుచి పోయిందంటే మునాఫిఖ్ అయిపోయామని కాదు. అన్నం రుచించని మనిషికి నమాజు రుచి కూడా తెలియకపోవడం ఆ జబ్బు లక్షణమే. ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం అల్లాహ్ మోపడని బఖరా సూరా చివరి ఆయతు చెబుతోంది. జబ్బుపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స), నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమన్నారు (బుఖారి). కొద్దిదైనా నిత్యం చేసే ఆచరణ అల్లాహ్‌కు ప్రియమైనదని తెలిపారు (బుఖారి, ముస్లిం). నఫిల్ తరువాత చూసుకోవచ్చు, ముందు ఫర్జ్ నిలబెట్టుకోండి.

వైద్యం చేయించుకోండి. వృద్ధాప్యానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఇచ్చాడని, వైద్యం చేయించుకోమని హదీసు ఉంది (అబూ దావూద్, తిర్మిజీ). ఓసీడీ మందుల ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. మధ్యలో మీ అంతట మీరే మానకండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంటివారికి ఒక మాట

"నీకు ఈమాన్ తక్కువ" అనకండి. అలాగని "వుజూ అయింది బేటా" అంటూ వందసార్లు హామీ ఇవ్వకండి. అదీ ఆ జబ్బుకు మేతే. "దీనికి నేను జవాబు చెప్పను. రా, కలిసి నమాజు చేద్దాం" అని ప్రేమగా అనండి. పెళ్లి సంబంధాలు రావేమోనని దాచకండి. మందులు ఆపించే ఆమిల్‌ల చుట్టూ తిరగకండి. దుఆ చేయండి, ఖుర్ఆన్ చదవండి, మందూ వేయించండి.

ఆ అబ్బాయిని తండ్రి డాక్టరుకు చూపించాడు. పూర్తిగా నయమైందని చెప్పలేను, కొన్ని రోజులు ఇంకా బరువుగానే గడుస్తాయట. కానీ ఒక జుమా రోజు వుజూ ఖానాలో అతణ్ణి చూశాను. కాళ్లు కడిగి, ఒక్క క్షణం కుళాయి వైపు చూసి, దాన్ని కట్టేసి లేచి వచ్చాడు. ఆ ఒక్క క్షణంలో అతడు చేసిన జిహాద్ అల్లాహ్‌కు తెలుసు.

యా అల్లాహ్! మనసు నలిగిన నీ దాసులకు ఊరటనివ్వు. వారి కొరత నమాజులను సంపూర్ణంగా స్వీకరించు. వారిని నిందించే పాపం నుంచి మమ్మల్ని కాపాడు. ఆమీన్.